వేలు ఎత్తకుండా నేలదాకా

మా అత్తయ్య గారు పోయారన్న కబురు అందరికీ ఫోన్ చేసి చెప్పే పని నా మీద పడింది. మా వారు ఆసుపత్రి దగ్గరే ఉండిపోయారు. బంధువులకు చెప్పడం అయ్యాక, ఆవిడ చేతిలో పని ఉన్నవాళ్ళకు కూడా చెప్పాలి కదా అని ఒక్కొక్కరికీ చేశాను. ఏలూరులో మా ఇంటి ముందు గదే మా ఆఫీసు. ఇళ్ళకు ప్లాన్లు గీస్తాం, కట్టబోయే ఇంటిని ముందు కంప్యూటర్లో కట్టి చూపిస్తాం. గీసేది ఆవిడ, పక్కన కూర్చుని నేర్చుకునేది నేను. కబురు విని అందరూ అయ్యో అన్నారు. కొల్లేటి లంకలో ఇల్లు కట్టుకుంటున్న మంగమ్మ గారు మాత్రం మెల్లగా, "మరి మా కప్పు ఎవరు చూస్తారండీ?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ఇంకా ఇంటికి రాలేదు, ఈవిడకు కప్పు గొడవ. ఏదో సమాధానం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నాతో మాట్లాడిన వాళ్ళందరిలోకీ అత్తయ్య గారిని సరిగ్గా ఎరిగిన మనిషి మంగమ్మ గారే అనిపిస్తోంది. అవతలివాళ్ళు పోయి ఉంటే అత్తయ్య గారు కూడా కన్నీళ్ళు పెట్టుకుని, ముక్కు చీది, ఆ వెంటనే ఇదే మాట అడిగేవారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ధైర్యం, దీక్ష అని రాస్తుంటారు. నేను అబద్ధం రాయలేను. మా అత్తయ్య గారు వట్టి భయస్తురాలు. మబ్బు పట్టగానే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసేవారు. ఫైర్ స్టేషన్ సెంటర్లో రోడ్డు దాటాలంటే నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకునేవారు. గ్యాసు కట్టేశామా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసేవారు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మా ఇంట్లో ఒక పీట, కంచం కూడా ఉండేవి.

నాది తాడేపల్లిగూడెం. డిప్లొమా పూర్తిచేసి ఇంట్లో ఉండగా ఈ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు వచ్చిన అత్తయ్య గారు నాకంటే ముందు మా సీలింగును చూశారు. ఫ్యాను కొక్కెం పక్కన సన్నటి పగులు ఒకటి ఉంది. చేతిలో కాఫీ గ్లాసుతోనే కుర్చీని మెల్లగా పక్కకు జరుపుకున్నారు. మా నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు. "ఏమీ అనుకోకండి అన్నయ్య గారూ, కప్పు కింద కూర్చోవాలంటే నాకు ఎక్కడైనా భయమే" అన్నారావిడ. ఈ మనిషి ఇంట్లో పిల్ల ఎలా బతుకుతుందో అని ఆ రాత్రి మా అమ్మ భయపడింది. అలా రెండు వైపులా భయపడుతూనే ముహూర్తం పెట్టుకున్నారు.

కాపురానికి వచ్చిన చాలా రోజులకు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఒకసారి కరెంటు పోతే వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాం. ఆవిడే చెప్పారు. పుట్టింది కొల్లేటి లంకలో. చిన్నప్పుడు ఒక తుపానుకు వాళ్ళింటి కప్పు, పగిలి పడిపోవడం కాదు, గిన్నె మీద మూత తీసినట్టు మొత్తంగా లేచి వెళ్ళిపోయిందట. నాలుగు గోడలూ నిలబడే ఉన్నాయట. వాళ్ళ నాన్నగారి ఒళ్ళో కూర్చుని, ఇంట్లోనే ఉండి, వానలో తడిశారట. "గోడ పడిపోతే ఇల్లు పడిపోయిందంటాం. కప్పు లేచిపోతే ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదమ్మాయ్" అన్నారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

చదువయ్యాక ఆవిడ ఒక ఇంజినీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరారు. ఇంజినీరు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, సిరా పెన్నుతో గీత మీద గీత దిద్దే ఉద్యోగం అది. మధ్యలో పెన్ను ఎత్తితే అక్కడ సిరా ముద్ద కడుతుంది. మొదలుపెట్టిన గీతను చివరిదాకా ఒక్క లాగుడులో తీసుకెళ్ళాలి. కంప్యూటర్లు వచ్చాక ట్రేసర్లతో పని లేకుండా పోయింది. మిగతావాళ్ళు వేరే సీట్లకు మారితే, ఈవిడ ఉద్యోగం వదిలేసి, కోచింగ్ సెంటర్లో తన కొడుకు వయసు పిల్లల మధ్య కూర్చుని ఇళ్ళు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. ఎంత ధైర్యం అండీ అని నేనంటే, "ధైర్యమా పాడా. గీత గీయకుండా ఉంటే పిచ్చెక్కుతుందని భయం వేసింది" అన్నారు.

మౌసు వచ్చినా ఆవిడ చేతికి ట్రేసర్ అలవాటు పోలేదు. ఇల్లు పూర్తయ్యాక రంగులు, రేకులు, గోడ పలకలు ఒక్కొక్కటే కనిపించకుండా చేసేవారు. చివరికి స్క్రీన్ మీద ఎముకల గూడులాగా ఫ్రేము ఒక్కటే మిగిలేది. అప్పుడు పైన వాసాలు కలిసే కొప్పు మీద చూపుడు వేలు ఆనించి, వాసం వెంట చూరుదాకా, అక్కడి నుంచి గోడ పైపట్టీకి, పట్టీ నుంచి నిలువు పోస్టు మీదుగా పునాదికి దించేవారు. ఒక వాసం కాదు, ప్రతి వాసమూ అంతే. "వేలు ఎత్తకుండా నేలదాకా రావాలి. నువ్వు ఎక్కడ వేలు ఎత్తావో అక్కడ గాలి చెయ్యి పెడుతుంది" అనేవారు. స్క్రీన్ నిండా వేలి జిడ్డు గీతలు. తుడవలేక నాకు విసుగొచ్చేది.

ఈ సాఫ్ట్‌వేర్ సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. నాలుగు గోడలూ ఒకే ఎత్తు ఉన్నంతసేపూ అది బుద్ధిమంతురాలు. బటన్ నొక్కితే కప్పు తనంతట తానే వేసేస్తుంది. ఒక్క గోడ ఎత్తు మార్చామా, ఒక వాలు ఆకాశంలోకి లేస్తుంది, ఇంకో వాలు పడగ్గదిలోకి దూరుతుంది. మనవాళ్ళకేమో వాస్తు. నైరుతి ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం పల్లంగా ఉండాలి. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళకు నైరుతి గొడవ ఏం తెలుసు పాపం.

మొదట్లో నేను ఇలాంటి కప్పు ముందు కూర్చుని ఏడిచేదాన్ని. అత్తయ్య గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. "ముందు ఆ ఆటో కప్పు ఆపెయ్యి. దాన్ని నమ్ముకుంటే అంతే. వాలు ఒక్కొక్కటే చేత్తో గీయి. పెద్ద వాలు ముందు, చిన్నది తర్వాత. అంచుకు అంచు అతికించు. రెండు వాలులు కలిసే గాడి దగ్గర సందు లేదు కదా? ఇప్పుడు గోడ ఫ్రేము మళ్ళీ కట్టించు" అనేవారు. ఆ చివరిది మరిచిపోతానని ఆవిడ భయం. చేత్తో గీసిన కప్పు పైకి జరిగినా, గోడ లోపలి స్టీలు పోస్టులు తమంతట తాము పెరగవు. పాత ఎత్తులోనే ఉండిపోతాయి. పైన తొడిగిన పలకలు మాత్రం కప్పును అంటుకున్నట్టే కనిపిస్తాయి. అందుకే "కప్పును ముట్టుకుంటే గోడను కూడా ముట్టుకోవాలి" అని రోజుకొకసారైనా అనేవారు. మైలా అత్తయ్య గారూ అని నేను ఏడిపించేదాన్ని.

మంగమ్మ గారి ఇల్లు ఆవిడ చాలా ప్రేమగా మొదలుపెట్టారు. లంక ఇల్లు కదా. అక్కడి నల్లమట్టి బరువు మోయదు, స్లాబు వేసిన ఇళ్ళు మెల్లగా కుంగుతాయి. అందుకని స్టీలు ఫ్రేము గోడలు, పైన రేకుల కప్పు. మా బొమ్మను బట్టి తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డువాళ్ళు స్టీలు కోసి, వాళ్ళ మనుషులే వెళ్ళి బిగిస్తారు. మంగమ్మ గారి అమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పాప పుట్టేలోపు ఇంట్లో చేరాలని ఆవిడ ఆరాటం. బొమ్మ అంతా సిద్ధమయ్యాక సిద్ధాంతి గారు వచ్చి, నైరుతి గోడ బెత్తెడు ఎత్తు పెంచమన్నారు. అత్తయ్య గారు కాదనలేకపోయారు. "కాన్పు పిల్ల ఉన్న ఇల్లు. కాదన్నాక ఏదైనా జరిగితే ఆ మాట నేను మోయలేనమ్మాయ్" అన్నారు.

అదే రోజుల్లో ఆవిడ మెడ దగ్గర ఒక గడ్డ కనిపించి పరీక్షకు ఇచ్చాం. రిపోర్టు వచ్చేదాకా ఆవిడ సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. ఒక మధ్యాహ్నం వచ్చింది. మామూలు కొవ్వు గడ్డ, భయపడక్కర్లేదు అన్నారు. దారిలో ఆటో ఆపి మిరపకాయ బజ్జీలు కొనిపించారు. ఇంటికొచ్చి, కూనిరాగం తీస్తూ కంప్యూటర్ ముందు కూర్చుని మంగమ్మ గారి కప్పు పట్టారు. నేను వంటింట్లో ఉండగా కేకేశారు. "గాడి ఎలా కుదిరిందో చూడమ్మాయ్." వచ్చి చూశాను. వాలులు అద్దం అతికినట్టు ఉన్నాయి. బొమ్మను గూడెం పంపించేశారు. మా పెళ్ళయ్యాక ఆవిడ మొహంలో భయం లేకుండా నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే. గడ్డతో ఏ సంబంధమూ లేకుండా, కొద్ది రోజులకే, పూజ ముందు నుంచి లేవబోతూ పడిపోయారు. గుండె అన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

కర్మలన్నీ అయ్యి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ముందు గది తలుపు తీశాను. ఈలోగా లంకలో కప్పు వేసేశారు, మంగమ్మ గారు పాలు పొంగించి చేరిపోయారు, మనవరాలు కూడా పుట్టింది. నైరుతి గది పెద్దదని బాలింతకు ఇచ్చారట. టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. ఏదో పని ఉండి కాదు, ఆవిడ ఆఖరున గీసిన ఇంటిని ఒకసారి చూసుకుందామని తెరిచాను. రంగులు తీసేశాను. రేకులు తీసేశాను. ఆవిడలాగే కొప్పు మీద వేలు పెట్టి వాసం వెంట దిగాను. నైరుతి గోడ దగ్గర వేలు గాలిలో ఆగిపోయింది.

పోస్టులన్నీ పాత ఎత్తులోనే ఉన్నాయి. వాటి నెత్తికీ వాసానికీ మధ్య బెత్తెడు సందు. గోడ పొడవునా.

నేనే ఏదో నొక్కి చెడగొట్టానేమోనని మూసి మళ్ళీ తెరిచాను. గూడెం పంపిన బొమ్మ తీసి చూశాను. అందులోనూ అంతే. ఊరంతా భయం పంచిపెట్టిన మనిషి, భయపడని ఒక్క సాయంత్రం గోడను ముట్టుకోవడం మరిచిపోయారు. ఆ గోడ పక్కనే బాలింత, పసిగుడ్డు పడుకుని ఉన్నారు. గాలి వస్తోంది.

మా వారిని పిలిచి చూపించాను. "అమ్మ ఇలా చెయ్యదు" అన్నారు. "చేశారండీ" అన్నాను. "బిగించినవాళ్ళు ఏదో సర్దే ఉంటారు. పోయిన మనిషి మీద ఇప్పుడు ఊళ్ళో మాట రావాలా?" అన్నారు. ఆయన గొంతులో కోపం కాదు ఉన్నది, నాకు తెలుసు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. ఏలూరులో ఆవిడ గీసిన బొమ్మ అంటే మళ్ళీ చూడక్కర్లేదన్న పేరు. ఆ పేరు తప్ప ఆవిడ వెనకేసుకున్నది ఏమీ లేదు. నోరు తెరిస్తే అది పోతుంది. తెరవకపోతే ఆ కప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాసేపటికి మా వారే చెప్పులు వేసుకుని, "పద, కైకలూరు బస్సు ఎక్కిస్తాను" అన్నారు.

బస్సు దిగి గట్టు మీద ఆటోలో వెళ్తుంటే, చెరువుల మీద నీళ్ళు చిన్న చిన్న అలలుగా లేస్తున్నాయి. ఫోన్ చేసి పిలిస్తే బిగించిన మేస్త్రి మస్తాన్ గారు కూడా వచ్చారు. నెమ్మదస్తుడు. నేను అడగ్గానే ఒప్పుకున్నారు. "అవునమ్మా, సందు వచ్చింది. మీకు ఫోన్ చేద్దామనుకున్నాం. మేడం గారు పోయిన ఇల్లు, కర్మలు కూడా కాలేదు, అలాంటప్పుడు మీ బొమ్మలో తేడా ఉందని ఎలా అంటామమ్మా? చెక్క ముక్కలు పెట్టి స్క్రూలు బిగించేశాం. పైకి ఏమీ కనపడదు" అన్నారు.

మర్యాదకు పోయి అడగలేదు. మా ఇంట్లో దుఃఖాన్ని కదపకూడదని, పసిపిల్ల మీద ఉన్న కప్పును చెక్క ముక్కల మీద నిలబెట్టారు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు.

మంగమ్మ గారు వరండాలో పాప గుడ్డలు ఆరేస్తున్నారు. గాలికి అవి ఆగడం లేదు. "కూర్చోండి, మజ్జిగ తెస్తాను" అన్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"మంగమ్మ గారూ, మా అత్తయ్య గారి బొమ్మలో తప్పు జరిగిందండీ. నైరుతి గది కప్పు గోడకు సరిగ్గా అతకలేదు. గాలి వస్తే ఆగుతుందని నేను చెప్పలేను."

"ఆవిడ బొమ్మలోనా?" అన్నారావిడ. చేతిలో గుడ్డ తీగ మీద వేసి, లోపలికి వెళ్ళి పాపను ఎత్తుకుని, కూతుర్ని లేపి, పక్క వీధిలో వాళ్ళ తోడికోడలి స్లాబు ఇంటికి నడిపించుకుంటూ వెళ్ళారు. తిరిగి వచ్చి నాకు మజ్జిగ ఇచ్చారు. "మనిషన్నాక పొరపాటు రాదాండీ. చెప్పడానికి ఇంత దూరం వచ్చారు. ఆవిడే వచ్చారనుకుంటాను" అన్నారు. అప్పటిదాకా ఏడవని నేను అక్కడ ఏడ్చాను.

ఆ రోజూ మర్నాడూ మస్తాన్ గారి మనుషులు ఆ గది రేకులు విప్పారు. చెక్కలు పీకేశారు. గూడెం నుంచి తెప్పించిన స్టీలు ముక్కలు పోస్టుల మీద నిలబెట్టి బోల్టులు వేశారు. ప్రతి వాసాన్నీ పోస్టుకు పట్టీతో కట్టారు. గాలి పెరుగుతోంది. ఒక రేకు చేతుల్లోంచి జారి చెరువు గట్టుదాకా ఎగిరిపోతే అందరం బిక్కచచ్చిపోయి నిలబడ్డాం. చీకటి పడకముందే ఆఖరి రేకు వేశారు. మస్తాన్ గారు దిగి వచ్చి, "అయిపోయిందమ్మా" అన్నారు.

మంగమ్మ గారు వాళ్ళ వైపు చూడలేదు. నన్నే అడిగారు. "మీరైతే ఈ గదిలో పడుకుంటారా అండీ?"

అత్తయ్య గారిని ఇలా అడిగినవాళ్ళు ఎంతమందో. ఆవిడ ఏం చెప్పేవారో ఎప్పుడూ గమనించలేదు. నేను నిచ్చెన ఎక్కాను. గది లోపలి వైపు విప్పిన పలకలు ఇంకా బిగించలేదు, స్టీలు బయటికే ఉంది. మొదటి వాసం మీద వేలు పెట్టాను. స్క్రీన్ నున్నగా ఉంటుంది, ఇది చల్లగా, గరుకుగా ఉంది. వాసం, పట్టీ, కొత్త ముక్క, పోస్టు. ఒక్కో మెట్టూ దిగుతూ కిందిదాకా. మళ్ళీ ఎక్కి రెండోది. మధ్యలో ఒక స్క్రూ మొన గీసుకుని రక్తం వచ్చింది. వేలు తియ్యలేదు. గోడంతా అయ్యాక కింద నిలబడి, "పడుకుంటానండీ" అన్నాను.

బాలింతను, పాపను ఆ సాయంత్రమే తెచ్చుకున్నారు. తీరా ఇంటికి వెళ్ళాక నా ప్రాణం నా దగ్గర లేదు. ఎందుకన్నానా ఆ మాట అని. స్లాబు ఇంట్లోనే ఉండమంటే పోయేది కదా అని. మర్నాడు మధ్యాహ్నానికి ఏలూరులో గాలి అందుకుంది. కరెంటు పోయింది. వీధిలో ఎవరిదో బోర్డు ఊడి ఈడ్చుకుపోతోంది. ఇక్కడే ఇలా ఉంటే, ఆ నీళ్ళ మధ్య ఎలా ఉంటుంది? మంగమ్మ గారికి చేస్తే ఫోన్ కలవలేదు. మళ్ళీ చేశాను. కలవలేదు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, దేవుడి పేరు కూడా గుర్తు రాక, వాసం, పట్టీ, పోస్టు, వాసం, పట్టీ, పోస్టు అనుకుంటూ ఉండిపోయాను.

ఎప్పటికో ఫోన్ మోగింది. ఆవిడే. ఎత్తితే మాట లేదు, ఒకటే హోరు. అంత హోరు నాలుగు గోడల మధ్య వినిపించదు. కప్పు పోయిందనే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. అప్పుడు ఆ హోరు లోపల ఇంకో చప్పుడు వినిపించింది. రేకుల మీద వాన. గట్టిగా, ఎక్కడా తెగకుండా, టపటపా టపటపా. దాని కింద ఎక్కడో పాప ఏడుపు. తర్వాత మంగమ్మ గారి గొంతు.

"వినిపిస్తోందాండీ? కప్పు కిందే ఉన్నామండీ. అందుకే ఫోన్ పైకి పెట్టాను. మీరు భయపడుతూ ఉంటారని."

నేను ఫోన్ అలాగే రెండు చేతుల్లో పట్టుకుని ముందు గదిలోకి పరిగెత్తాను. "అత్తయ్య గారూ, ఉందటండీ, వినండి" అంటూ తలుపు తోశాను.

గదిలో మా వారు ఒక్కరే కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నా కేసి చూశారు. చెయ్యి చాచి నేను అలాగే ఉండిపోయాను. ఫోన్‌లో లంక వాన రేకుల మీద పడుతూనే ఉంది.